గిలక్కాయ లక్క జిగటగా అయింది, బాబుకి ఇవ్వచ్చా?

చిన్నోడి అమ్మ:
మా ఆడపడుచు ఏటికొప్పాక నుంచి గిలక్కాయ, లక్కపిడతల సెట్టు తెచ్చింది. బాబుకి తొమ్మిదో నెల, ఏది దొరికినా నోట్లోకే. అందుకని రోజూ శానిటైజర్‌తో తుడుస్తున్నాను. ఇప్పుడు గిలక్కాయ మెరుపు పోయి చేతికి అంటుకుంటోంది, గుడ్డకి ఎరుపు దిగుతోంది. నాసిరకం రంగంటారా? పారేయాలా? కొలువులో పెట్టే కొండపల్లి బొమ్మలు కూడా ఉన్నాయి, అవైనా ఇవ్వచ్చా?

పాత సామాను:
పారేయకండమ్మా. అది పెయింటు కాదు, లక్క. అంకుడు కర్ర లేతు మీద తిరుగుతుండగా రంగు కలిపిన లక్క కడ్డీని దానికి అదిమి పడతారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రని పట్టుకుంటుంది. తర్వాత మొగలి ఆకుతో మెరుగు పెడతారు. అలాంటి పూత వేడికి మెత్తబడుతుంది, స్పిరిట్‌లో అయితే కరిగే పోతుంది. శానిటైజర్‌లో సగానికి పైగా ఆల్కహాలే కదా.

నీడలో, గాలి తగిలేచోట పెట్టండి. ఆల్కహాలు ఎగిరిపోతే లక్క మళ్ళీ గట్టిపడుతుంది, మెరుపు మాత్రం పాతలా రాదు. గుడ్డకి రంగు అంటుతున్నన్నాళ్ళు బాబుకి ఇవ్వద్దు. పెచ్చులు లేస్తే ఇక అద్దాల బీరువాలోకే.

ఇకమీద మామూలు నీళ్ళలో తడిపి గట్టిగా పిండిన గుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఒత్తేయండి, చాలు. వేన్నీళ్ళు, పాలసీసాల స్టెరిలైజరు, సర్ఫు, వంటసోడా ఏవీ వద్దు. క్షారం కూడా లక్కని తినేస్తుంది. ఎండలో ఆరబెట్టద్దు, వేసవిలో కారులో వదిలేయద్దు. పసుపుతో వేసిన రంగు ఎండకి అన్నిటికన్నా ముందు వెలుస్తుంది. అది వెలిసిందని బొమ్మని అనుమానించక్కర్లేదు.

బెజవాడ పిన్ని:
కొండపల్లివి మాత్రం ఇవ్వకమ్మా, చూసి మురిసిపోవడానికే అవి. తెల్లపొణికి కర్ర మెత్తన, గోరు గుచ్చినా దిగుతుంది. చేతులూ తలా విడిగా చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. పైన సున్నం, ఆపైన రంగులు. చొంగ తగిలితే అతుకు ఊడుతుంది. మీ అత్తగారి కాలం బొమ్మైతే ఏ రంగు వేశారో చెప్పేవాళ్ళుండరు. దుమ్ముకి పొడి కుంచె చాలు, తడిగుడ్డ అసలు తగలనివ్వకు.

చిన్నోడి అమ్మ:
థాంక్సండీ, థాంక్స్ పిన్నీ. సెట్టు మీద ఐఎస్ఐ ముద్ర లేదు. నకిలీదా?

పాత సామాను:
ముద్ర లేనంత మాత్రాన నకిలీ కాదు. 2021 జనవరి 1 నుంచి పిల్లల బొమ్మలకి ఆ ముద్ర తప్పనిసరి చేశారు గానీ, కేంద్ర హస్తకళల విభాగంలో నమోదైన కళాకారులు చేసి అమ్మేవాటికీ, భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) ఉన్నవాటికీ మినహాయింపు ఇచ్చారు. ఏటికొప్పాకకి ఆ గుర్తింపు 2017లో వచ్చింది. నాకైతే ఈ మినహాయింపు న్యాయమే అనిపిస్తుంది, ఒక్కో కుటుంబం ల్యాబు పరీక్షల ఖర్చు ఎక్కడ భరిస్తుంది? కానీ అలాంటప్పుడు చూసుకునే బాధ్యత మనదే. ఆ ఊళ్ళో సహజ రంగులని మళ్ళీ నిలబెట్టింది సి.వి.రాజు గారు (2023లో పద్మశ్రీ). అలాగని ఊరి పేరుతో అమ్మేదల్లా పసుపు, నీలిమందులతో చేసిందని నమ్మేయకండి. కొనేచోటే అడగండి.

నెల్లూరు నాన్న:
రంగు సంగతి సరే, ముందు లక్కపిడతల్లో బుల్లి మూతలు, పప్పుగుత్తి తీసి దాచండి. గొంతులో ఇరుక్కుంటే ఏ రంగైతేనేం? మూడేళ్ళు నిండాక ఇవ్వండి.

నాదీ ఒక సందేహం. రంగు వేయని పాత కర్ర ఏనుగు ఒకటుంది. సన్న కన్నాలు, కింద పిండిలా పొడి. నాఫ్తలీన్ ఉండలు వేస్తే పురుగు పోతుందా?

పాత సామాను:
పిల్లల బొమ్మల్లో ఆ ఉండలు వద్దే వద్దు. మింగితే విషం. జీ6పీడీ (ఎర్ర రక్తకణాలని కాపాడే ఎంజైము) లోపమున్న పిల్లలకైతే ఎర్ర రక్తకణాలు విచ్ఛిన్నమవుతాయి. ఏనుగుని ప్లాస్టిక్ కవరులో గాలి లేకుండా చుట్టి డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక కవరు వెంటనే విప్పద్దు, చెమ్మ పడుతుంది. ఒక రోజు ఆగి విప్పండి. లక్కబొమ్మకి ఈ పని చేయకండి, పూత పగలొచ్చు. తర్వాత కన్నాలు మైనంతో పూడ్చి, కింద నల్ల కాగితం పరిచి పెట్టండి. కొత్తగా పొడి రాలితే మళ్ళీ ఫ్రీజరే.