‘రెంటికీ చెడ్డ రేవడి’ జనరల్ జైడ్లిట్స్‌కి నప్పుతుందా?

జర్మన్ జనరల్ వాల్టర్ ఫాన్ జైడ్లిట్స్ మీద వ్యాసం రాస్తూ ఈ సామెతను శీర్షికగా పెట్టాను. 1943 జనవరి 31న స్టాలిన్‌గ్రాడ్‌లో రష్యన్లకు చిక్కాడు. ఖైదులోనే హిట్లర్‌కి ఎదురుతిరిగితే, 1944లో సొంత దేశం ఆయన పరోక్షంలో మరణశిక్ష వేసింది. 1950లో సోవియట్ కోర్టూ మరణశిక్ష వేసి, 25 ఏళ్ల ఖైదుకి మార్చింది. ఒక మిత్రుడు మాత్రం సామెత కుదరదంటున్నాడు. మీరేమంటారు?

— మీ మిత్రుడిదే రైటు అండీ. రేవడంటే చాకలి. రెండు రేవుల్లో బట్టలుంటే వరదొచ్చింది, ఇటా అటా అని పరిగెత్తి రెండూ పోగొట్టుకున్నాడని కథ. చెడింది ఊగిసలాట వల్ల. జైడ్లిట్స్‌కి ఆ జబ్బే లేదు. 1942 నవంబరులో స్టాలిన్‌గ్రాడ్‌లో రష్యన్లు చుట్టుముట్టగానే, ఎవరినీ అడక్కుండా తన దళాలను వెనక్కి జరిపాడు. ఆ తొందరలో 94వ డివిజన్ నలిగిపోయింది, అది ఆయన ఖాతాలోదే. ఇదేమీ తెలియని హిట్లర్, చుట్టుముట్టబడిన సేనల్లో ఉత్తర భాగమంతా ఆయనకే అప్పగించాడు! ఆ మర్నాడే, హిట్లర్ వద్దన్నా సరే చీల్చుకుని బయటపడదామని పై అధికారి పౌలుస్‌కి రాసిచ్చాడు. ఎటూ తేల్చుకోలేనిది పౌలుస్. ‘ముందు నుయ్యి వెనక గొయ్యి’ ఆయనకి పెట్టండి.

— కథ ఎవరికి గుర్తుంటుంది సార్? వాడుకలో ఫలితమే చూస్తాం. 1943 సెప్టెంబరులో, రష్యాలో ఖైదీలైన జర్మన్ ఆఫీసర్లు హిట్లర్‌కి వ్యతిరేకంగా పెట్టుకున్న సంఘానికి అధ్యక్షుడయ్యాడు. మరుసటి ఏడు ఉక్రెయిన్‌లోని కోర్సున్ దగ్గర చిక్కుకున్న జర్మన్ సేనలకు లొంగిపొమ్మని ఉత్తరాలు పంపితే ఎవరూ వినలేదు. జర్మనీలో పెళ్లాంపిల్లల్ని నిర్బంధించారు. యుద్ధం అయ్యాక రష్యన్లకీ అక్కర్లేకపోయాడు. ఇది రేవడి బతుకు కాదా?

— ఫలితమే కావాలంటే ‘ఉభయభ్రష్టత్వం’ ఉంది. నిందంతా ఆ మనిషి నెత్తినే పడకుండా ఉంటుంది. 1955లో వదిలారు, 1956లో పశ్చిమ జర్మనీ కోర్టు పాత మరణశిక్ష కొట్టేసింది. అయినా పాత సహచరులు చాలామంది మొహం చూడలేదు. 1976లో పోయాడు. రష్యా తన తీర్పు రద్దు చేసింది 1996లో.

— మా వైపు ‘రేవడి’ కాదు, ‘రెంటికి చెడ్డ రేవడ’ అంటారు. శీర్షిక ఏదైనా, ముందు అది తేల్చండి బాబూ.