రాజ్యాంగ సభ నాటకం: స్టేజీ మీద తేదీ మారిందని ఎలా తెలపాలి?

గ్రామ పంచాయతీల మీద రాజ్యాంగ సభలో జరిగిన వాదనను 45 నిమిషాల తెలుగు నాటకంగా వేస్తున్నాం. ఆరుగురు నటులం, సభ తప్ప వేరే సెట్టు లేదు.

1948 నవంబర్ 4న ముసాయిదా ప్రవేశపెడుతూ అంబేద్కర్ గ్రామాలను అజ్ఞానానికీ సంకుచితత్వానికీ నెలవులని తీవ్రంగా విమర్శిస్తారు. ఎన్.జి. రంగా అభ్యంతరం చెప్పింది 9న. గ్రామ పంచాయతీలను ప్రభుత్వం ఏర్పాటు చేయాలంటూ కె. సంతానం అనే సభ్యుడు తెచ్చిన సవరణ, దానిపై ప్రకాశం పంతులుగారి ప్రసంగం 22న. అంబేద్కర్ ఆ సవరణకు ఒప్పుకున్నారు. అదే నేటి రాజ్యాంగంలోని 40వ అధికరణం.

చిక్కు ఈ మధ్య రోజులతోనే. రిహార్సల్ చూసినవాళ్లు అంతా ఒక్క పూటలో జరిగిందనుకున్నారు. రంగా లేవగానే అంబేద్కర్ వెంటనే బదులివ్వాలిగా అని ఎదురుచూశారు. లేని జవాబు రాసి ఆయన నోట పెట్టడం మాకిష్టం లేదు.

సూత్రధారుడితో తేదీలు చెప్పిస్తే పాఠం విన్నట్టుంది. లైట్లు ఆర్పి వెలిగిస్తే వాదనలో వేడి చల్లారిపోతోంది. వెనక తెర మీద తేదీ వేశాం, చివరి వరుసలకు కనబడలేదు. రేడియో వార్తలు కాస్త నయమే, కానీ అప్పటిదాకా స్టేజీ మీద నటులు బొమ్మల్లా కూర్చోవాలి.

మా హాల్లో ముందు తెర లేదు. పక్క రెక్కలు, రెండు స్పాట్‌లైట్లు, ఒక స్పీకరు ఉన్నాయి. సభ్యులెవరూ స్టేజీ దిగకుండా, వాదన ఊపు తగ్గకుండా, రోజులు గడిచాయని నటనతోనో శబ్దంతోనో ప్రేక్షకుడికి ఎలా తెలియజేయాలి?