బీఎస్సీ తర్వాత బీఈడీయా, డీఎల్ఎడ్డా? నిర్ణయానికి మీ సలహా కావాలి

ప్రశ్న: జనగామ పట్టభద్రురాలు

అందరికీ నమస్కారం. నాకు 27 సంవత్సరాలు. వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయనశాస్త్రాలతో బీఎస్సీ పూర్తిచేసి, అయిదేళ్లుగా హైదరాబాద్ శివారులోని ఒక మందుల కంపెనీలో నాణ్యత పరీక్షల విభాగంలో పనిచేస్తున్నాను. మేము అద్దెకు ఉంటున్న ఇంటి వరండాలో రెండేళ్లుగా సాయంత్రం పూట ఏడెనిమిది మంది పిల్లలకు చదువు చెబుతున్నాను. వారిలో ఎక్కువమంది రెండు, మూడు తరగతుల పిల్లలు. తల్లిదండ్రులు భవన నిర్మాణ పనులకు వచ్చినవారు. గుణింతాలు కూడా రాని ఒక బాబు మొన్న ఎదురుగా ఉన్న కిరాణా దుకాణం బోర్డును కూడబలుక్కుని చదివి నా వైపు చూసిన రోజు, నేను చేయవలసిన పని ఇదేనని నాకు గట్టిగా అనిపించింది.

నా భర్త సమ్మతించారు. రెండేళ్లు జీతం లేకపోయినా ఇల్లు గడిచేటంత సొమ్ము పొదుపు చేసుకున్నాము. డిగ్రీ చదివాను కాబట్టి బీఈడీ చేయడమే సహజమని ఇంట్లో అందరూ అంటున్నారు. అయితే బీఈడీ చేసినవారు ప్రాథమిక తరగతులకు అర్హులు కారని సుప్రీంకోర్టు చెప్పినట్లు చదివాను. నేను ఏ శిక్షణకు దరఖాస్తు చేసుకోవాలి? ఈ వయసులో ఇంటర్మీడియట్ అర్హతతో చేసే ప్రాథమిక ఉపాధ్యాయ శిక్షణ డీఎల్ఎడ్‌లో చేరడం వెనక్కి నడవడమే అవుతుందా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం: జీవశాస్త్రం మాస్టారు, కరీంనగర్

నేను ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం స్కూల్ అసిస్టెంట్‌గా పనిచేస్తున్నాను. మీరు చదివినది నిజమే. 2018 జూన్‌లో జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి బీఈడీ వారిని కూడా ఒకటి నుంచి అయిదు తరగతులకు అర్హులుగా ప్రకటించింది. ఆ ఉత్తర్వు చెల్లదని 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. చిన్నపిల్లలకు చదువు చెప్పడం వేరే విద్య అని, దానికి తగిన శిక్షణ పొందినవారే ఆ తరగతులకు రావాలని ఆ తీర్పు సారాంశం. బీఈడీ చేసిన మావంటివారికి అది బాధ కలిగించినా, పిల్లల వైపు నుంచి ఆలోచిస్తే సరైన తీర్పే అని నా నమ్మకం.

కాబట్టి ఇప్పుడు ఇవి రెండు వేర్వేరు దారులు. డీఎల్ఎడ్ చేసి, ఉపాధ్యాయ అర్హత పరీక్ష అయిన టెట్ మొదటి పేపరులో అర్హత సాధిస్తే ఎస్జీటీ, అంటే ప్రాథమిక తరగతుల ఉపాధ్యాయ పోస్టుకు పోటీపడవచ్చు. బీఈడీ చేసి రెండో పేపరులో అర్హత సాధిస్తే స్కూల్ అసిస్టెంట్ పోస్టుకు, గురుకులాల్లో టీజీటీ (పట్టభద్ర ఉపాధ్యాయ) పోస్టుకు పోటీపడవచ్చు. రెండు కోర్సులూ రెండేళ్లవే. రెండో పేపరు విషయంలో జీవశాస్త్రం అభ్యర్థులు తరచుగా దెబ్బతినే చోటు ఒకటి ఉంది: విషయ పరిజ్ఞానానికి కేటాయించిన 60 మార్కుల్లో సగం గణితానిదే. ఇంటర్మీడియట్‌లోనే గణితాన్ని వదిలేసిన మనం దానికోసం మళ్లీ పదో తరగతి పుస్తకాలు తీయవలసిందే.

పోస్టుల సంఖ్యను కూడా చూడండి. తెలంగాణలో 2024 డీఎస్సీలో, అంటే ప్రభుత్వ ఉపాధ్యాయ నియామకంలో, మొత్తం 11,062 పోస్టులు ప్రకటించగా, అందులో ఎస్జీటీలు 6,508, స్కూల్ అసిస్టెంట్లు 2,629. ఈ రెండో అంకెను మళ్లీ సబ్జెక్టులు, జిల్లాలు, మాధ్యమం, రిజర్వేషన్ రోస్టర్ వారీగా విడదీస్తే, ఒక జిల్లాలో జీవశాస్త్రానికి మిగిలేవి చాలా తక్కువ. అంతకుముందు నియామక ప్రకటన 2017లో వచ్చింది. 2023లో ఇచ్చిన ప్రకటనను రద్దుచేసి దాని స్థానంలోనే 2024 ప్రకటన ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లోనూ 2018 తర్వాత మళ్లీ 2025లోనే, 16,347 పోస్టులతో, పెద్ద డీఎస్సీ వచ్చింది. శిక్షణ పూర్తయిన మరుసటి ఏడాదే ఉద్యోగం వస్తుందన్న లెక్కతో ఇల్లు నడిపే ప్రణాళిక వేసుకోవద్దు. ఆ మధ్యకాలంలో ప్రైవేటు పాఠశాలలో పనిచేయవలసి రావచ్చు; చిన్న పట్టణాల్లో అక్కడి జీతం మీ ఇప్పటి జీతంలో సగం కూడా ఉండకపోవచ్చు.

ఇన్ని చెప్పినా, అంకెలను చూసి మాత్రమే దారి ఎంచుకోకండి. ఎనిమిదో తరగతి పిల్లలకు పత్రరంధ్రాన్ని సూక్ష్మదర్శినిలో చూపించినప్పుడు వారి ముఖాల్లో కనిపించే ఆశ్చర్యం కోసం నేను ఈ వృత్తిలో ఉన్నాను. మీ ప్రశ్నలో మాత్రం జీవశాస్త్రం ప్రస్తావన చదువు వివరాల్లో తప్ప మరెక్కడా లేదు. బోర్డు చదివిన బాబు ఉన్నాడు. దాన్ని ఒకసారి ఆలోచించండి.

సమాధానం: మూడో తరగతి టీచరమ్మ

నేను డిగ్రీ తర్వాతే ప్రభుత్వ జిల్లా విద్యా శిక్షణ సంస్థ (డైట్)లో డీఎల్ఎడ్ చేశాను. నా తరగతిలో చాలామంది నాకంటే అయిదారేళ్లు చిన్నవారు. మొదటి నెల కొంత బిడియంగా ఉన్నా, తర్వాత ఆ సంగతే గుర్తుకు రాలేదు. ఇప్పుడు ఇద్దరు ఉపాధ్యాయులే ఉన్న పాఠశాలలో మూడు తరగతులను ఒకే గదిలో కూర్చోబెట్టుకుని చెబుతున్నాను. బహుళ తరగతి బోధన, ప్రాథమిక తరగతుల పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు నేర్పే ప్రభుత్వ కార్యక్రమం తొలిమెట్టులో చేసినట్లు పిల్లలను వయసును బట్టి కాక చదవగలిగే స్థాయిని బట్టి జట్లుగా చేయడం, ఇవన్నీ డిగ్రీలో నేర్చుకున్న ఏ పాఠం కంటే కష్టమైన విద్యలు. దీన్ని వెనక్కి నడవడం అనకండి.

ఒక మేలు కూడా ఉంది. తరగతి గదికి వెళ్లి నేర్చుకున్న డీఎల్ఎడ్ ఉన్న పట్టభద్రులకు ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం, అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం దూరవిద్యలో బీఈడీ చేసే అవకాశం కల్పిస్తున్నాయి. అంటే ఈ దారిలో వెళ్లినా ఉన్నత పాఠశాల తలుపు మూసుకుపోదు. నేను ఉద్యోగం చేస్తూనే బీఈడీ ముగించాను.

దరఖాస్తు చేసే ముందు మీ ఊరి ప్రాథమిక పాఠశాల ప్రధానోపాధ్యాయుల అనుమతి తీసుకుని, ఉదయం ప్రార్థన నుంచి సాయంత్రం గంట కొట్టేవరకు మూడు నాలుగు రోజులు తరగతిలో కూర్చోండి. మీ ఇంటికి వచ్చే ఎనిమిది మంది ఇష్టపడి వచ్చేవారు. బడిలో ముప్పై మంది ఉంటారు, అందరికీ ఆ రోజు చదవాలని ఉండదు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. మాస్టారూ, మీరు చివర రాసిన మాట నన్ను రెండు రోజులు ఆలోచింపజేసింది. మరొక సందేహం ఉంది. తెలిసినవారి ద్వారా ఒక కళాశాల ప్రతినిధి ఫోన్ చేసి, యాజమాన్య కోటాలో బీఈడీ సీటు ఇస్తామని, ఉద్యోగం మానుకోనవసరం లేదని, పరీక్షలకు వస్తే చాలని, హాజరు సంగతి తామే చూసుకుంటామని అన్నారు. పొదుపు కరగకుండా ఉంటుందని ఇంట్లో కొందరు దీనికే మొగ్గు చూపుతున్నారు.

సమాధానం: విశ్రాంత అధ్యాపకుడు, ఉపాధ్యాయ విద్య

అమ్మా, ఆ దారి పట్టవద్దు. నేను ముప్పై ఏళ్లకు పైగా, శిక్షణ పొందుతున్న ఛాత్రోపాధ్యాయులకు బోధించినవాడిని. ఇంత కచ్చితంగా చెప్పడానికి కారణం ఉంది. జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి నిబంధనల ప్రకారం ఈ కోర్సుల్లో తరగతులకు కనీసం 80 శాతం, పాఠశాల ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం హాజరు ఉండాలి. బీఈడీలో ఆ ఇంటర్న్‌షిప్ మొత్తం 20 వారాలు: మొదటి ఏడాది 4, రెండో ఏడాది 16. ఒకప్పుడు ఏడాదిలో ముగిసే బీఈడీని 2015లో రెండేళ్లకు పెంచడంలో ఒక ఉద్దేశం, బడిలో గడిపే ఈ కాలాన్ని పెంచడమే. పాఠ్యపథకం రాసుకుని వెళ్లి, పదిహేను నిమిషాల్లోనే అది చేతిలో నుంచి జారిపోయి, వెనుక బల్లమీద కూర్చున్న పర్యవేక్షకుడు ఎక్కడ జారిందో చూపించి, మర్నాడు అదే పాఠాన్ని మరో సెక్షన్‌లో మళ్లీ చెప్పించినప్పుడు మాత్రమే మనిషి ఉపాధ్యాయుడవుతాడు. కళాశాలకు రాకుండా పట్టా పొందినవారిని నేను తర్వాత ఇంటర్వ్యూల్లో చూశాను. నమూనా పాఠం చెప్పమంటే పిల్లల వైపు వీపు పెట్టి నల్లబల్లకే చెప్పేవారు. వారి మీద నాకు కోపం రాలేదు, దుఃఖం కలిగింది, ఎందుకంటే రెండేళ్లు, డబ్బు రెండూ పోయినా నేర్చుకోవలసినది చేతికి రాలేదు.

ఇక దరఖాస్తు సంగతి. బీఈడీ ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్, డీఎల్ఎడ్ ప్రవేశ పరీక్ష డీఈఈసెట్ రెండింటికీ దరఖాస్తు చేసుకోవడంలో తప్పులేదు. తెలంగాణ ఎడ్‌సెట్ 150 మార్కులకు రెండు గంటల పరీక్ష. అందులో గణితం, విజ్ఞానశాస్త్రం, సాంఘికశాస్త్రం పదో తరగతి స్థాయిలోనే ఉంటాయి, కానీ బోధనాభిరుచి, ఆంగ్లం, కంప్యూటర్ పరిచయం కూడా ఉంటాయి. సాధారణ అభ్యర్థులకు డిగ్రీలో 50 శాతం, రిజర్వేషన్ వర్గాలకు 40 శాతం మార్కులు అవసరం. డీఈఈసెట్‌కు అర్హత కోసం మీ ఇంటర్మీడియట్ మార్కులే లెక్కకు వస్తాయి కాబట్టి ఆ మెమో ఇప్పుడే వెతికి పెట్టుకోండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద ఆశ ఉంటే, ప్రవేశ పరీక్ష ర్యాంకుతో సీటు వచ్చే కన్వీనర్ కోటాలోనే చేరాలి. యాజమాన్య కోటాకు అది వర్తించదు.

కళాశాలలను ఎంచుకునే వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు ఇంటికి దగ్గర అన్న ఒక్క కారణంతో వరుస నిర్ణయించకండి. ప్రతి కళాశాలకు ఒకసారి వెళ్లి, ఉదయం పదింటికి తరగతి గదిలో విద్యార్థులు ఉన్నారో లేదో చూడండి. ఇంటర్న్‌షిప్‌కు ఏ పాఠశాలలకు పంపుతారో, పాఠం చూడటానికి అధ్యాపకులు వారానికి ఎన్నిసార్లు వస్తారో రెండో ఏడాది విద్యార్థులను అడగండి. పాత పుస్తకాలున్న చిన్న గ్రంథాలయమైనా పరవాలేదు, దాని తాళం తీసి ఉండాలి.

మరొకటి: ఒకటి నుంచి ఏడో తరగతి వరకు చదివిన ధ్రువపత్రాలన్నీ ఇప్పుడే తెచ్చుకోండి. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఉపాధ్యాయ పోస్టుల్లో 95 శాతం స్థానికులకే. ఆ ఏడేళ్లలో నాలుగేళ్లు ఎక్కడ చదివారన్నదే స్థానికతను నిర్ణయిస్తుంది. మూతపడిన ప్రైవేటు బడి పత్రం కోసం నోటిఫికేషన్ వచ్చాక మండల విద్యాధికారి కార్యాలయం చుట్టూ తిరిగిన నా విద్యార్థులు చాలామంది ఉన్నారు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ నమస్కారం. గతవారం సెలవు పెట్టి మా ఊరి ప్రాథమిక పాఠశాలలో నాలుగు రోజులు కూర్చున్నాను. టీచరమ్మ గారు చెప్పినట్లే, మొదటి రోజు మధ్యాహ్నం తర్వాత పిల్లలు ఎవరూ నా మాట వినలేదు. అక్కడి ఉపాధ్యాయురాలు మాట పెంచకుండా ఒక కథ మొదలుపెట్టి సగంలో ఆపేశారు; గది మొత్తం నిశ్శబ్దమైపోయింది. ఆ ఒక్క నేర్పు కోసమైనా నేను అక్కడికి తిరిగి వెళ్లాలనుకున్నాను.

ఆ కళాశాల ప్రతినిధికి వద్దని చెప్పేశాను. రెండు పరీక్షలకూ సిద్ధమవుతున్నాను కానీ, మొదటి ఆప్షన్‌గా హనుమకొండలోని డైట్‌నే పెట్టాలని నిర్ణయించుకున్నాను. ఇంట్లో ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. ఒకటి నుంచి అయిదు తరగతుల పత్రాలు మా ఊరి బడిలో దొరికాయి. ఆరు, ఏడు తరగతుల పత్రాల కోసం సోమవారం జనగామ వెళ్తున్నాను.