హెడ్ పోర్టింగ్ మనమే చేసుకోవచ్చా, షాపుకి ఇవ్వడమే మేలా?

రెండోగేరు:
హెడ్ గ్యాస్కెట్ పోయి ఎలాగూ హెడ్ విప్పాను. నాలుగు సిలిండర్ల పాత పెట్రోల్ ఇంజిన్, కార్బురేటర్ బండి, అల్యూమినియం హెడ్, సిలిండర్‌కి రెండు వాల్వులు. టార్చి వేసి పోర్టుల్లోకి (గాలి, పొగ వచ్చిపోయే దారుల్లోకి) చూస్తే లోపలంతా పోతపోసినప్పటి గరుకు, వాల్వ్ సీటు (వాల్వ్ మూసుకున్నప్పుడు ఆనే రింగు) కింద వేలికి తగిలేంత మెట్టు. పోర్టింగ్ అంటే ఆ దారుల్ని అరగదీసి గాలి బాగా ఆడేలా చేయడమే కదా. డై గ్రైండర్ ఉంది, ఓపిక ఉంది, అనుభవం మాత్రం సున్నా. షాపు వాళ్లు చెప్పిన రేటు వింటే ఉన్నది ఉన్నట్టు బిగించేసి ఊరుకుందామనిపించింది. పోర్టులు కాస్త వెడల్పు చేసి అద్దంలా పాలిష్ కొడితే చాలు, నీకే తేడా తెలుస్తుంది అంటున్నాడు మా ఫ్రెండు. నిజమేనా?

చేతినిండా గ్రీజు:
మీ ఫ్రెండు చెప్పిన ఆ రెండూ తప్ప మిగతావన్నీ చేయండి.

ముందు వెడల్పు సంగతి. పోర్టు పెద్దదయితే లోపల గాలి వేగం పడిపోతుంది, తక్కువ ఆర్‌పీఎంలో సిలిండర్ సరిగ్గా నిండేది ఆ వేగం వల్లే. నా మొదటి హెడ్ మీద నేను చేసిన ఘనకార్యం ఇదే. పోర్టు మూతి దగ్గరి గ్యాస్కెట్ ఆనించి గీత గీసుకుని, ఆ గీత దాకా పోర్టు పొడవునా తవ్వేశాను. పై ఆర్‌పీఎంలో బాగానే లాగేది, మామూలుగా నడిపేటప్పుడు మాత్రం మాటిమాటికీ గేరు దించాల్సి వచ్చేది. తీసేసిన మెటల్‌ని మళ్లీ అతికించలేం కదా, ఇంకో హెడ్ వెతుక్కున్నాను.

పాలిష్ ఇంటేక్ (గాలీ పెట్రోలూ లోపలికి వచ్చే) వైపు అక్కర్లేదు. 80 గ్రిట్ ఎమరీ రోల్ వదిలేసే గరుకు చాలు. మీది కార్బురేటర్ అంటున్నారు, గోడలు మరీ నున్నగా ఉంటే పెట్రోల్ గాలిలో కలిసి ఉండకుండా గోడకి అంటుకుని జారుతుంది. ఎగ్జాస్ట్ వైపు నునుపు చేసుకోండి, కార్బన్ తక్కువ పడుతుంది, అంతవరకే.

అసలు లాభం మీ వేలికి తగిలిన ఆ మెట్టు దగ్గరే ఉంది. సీటు కిందనుంచి గైడు (వాల్వ్ కాడ జారే గొట్టం) దాకా గిన్నెలా ఉండే భాగాన్ని ఎక్కడా అంచు లేకుండా కలపండి. సీటు కింద గొంతు కొలత వాల్వ్ వ్యాసంలో 85 నుంచి 90 శాతం మధ్య ఉంచుతారు, 40 మిల్లీమీటర్ల వాల్వ్ అయితే 34 నుంచి 36. గైడు చుట్టూ ఉన్న గుబ్బని సన్నగా చేయవచ్చు, పూర్తిగా లేపేయకండి, గైడుకి ఆధారం అదే, వాల్వ్ కాడ వేడి బయటికి పోయే దారి కూడా అదే. పోర్టు నేల సీటు వైపు తిరిగే చిన్న మలుపు దగ్గర మాత్రం చెయ్యి బిగపట్టి పని చేయండి. గుండ్రం చేస్తే చాలు, కిందికి దించారా, గాలి ఆ మలుపు తిరగలేక గోడ వదిలేసి చెదురుతుంది, అప్పుడు స్టాక్ (కంపెనీ ఇచ్చినది) కంటే అన్యాయం.

అల్యూమినియంకి గ్రైండింగ్ రాళ్లు వద్దు, వెంటనే పూడుకుపోతాయి. పళ్లు వెడంగా ఉన్న కార్బైడ్ బర్ (గ్రైండర్‌కి బిగించే కోత ముక్క) తీసుకుని మధ్యమధ్యలో మైనం రాయండి. కళ్లద్దాలు, మాస్కు తప్పనిసరి.

సీటుకటింగ్:
నేను మెషిన్ షాపులో పనిచేస్తాను, కాబట్టి నా మాట కాస్త తగ్గించి వినండి. పైన చెప్పినదాంతో నాకు పేచీ లేదు, కానీ సీటు కోత మాత్రం ఇంట్లో అయ్యే పని కాదు. 30, 45, 60 డిగ్రీల మూడు కోణాలూ గైడుతో ఒకే కేంద్రం మీద రావాలి. మా కట్టర్ తిరిగేదే గైడుని పట్టుకుని, గైడు అరిగి ఉంటే ముందు అది మార్చాలి, లేకపోతే కోసిన సీటు కూడా వంకరే. పేస్టు రాసి వాల్వ్ రుద్దితే చిన్న గీతలు పోతాయేమో గానీ సీటుకి ఆకారం రాదు. ముందు మీరు పోర్టింగ్ పూర్తిచేసి అప్పుడు హెడ్ షాపుకి పంపండి. వరుస తిరగేసి, కొత్త సీటు మీద మీ బర్ ఒక్కసారి ఎగిరిందంటే పని మళ్లీ మొదటికొస్తుంది.

రేటు గురించి ఒక మాట. పూర్తి పోర్టింగ్‌కి డబ్బు ఇచ్చేది అరగదీసినందుకు కాదు, కొలిచినందుకు. ఫ్లో బెంచ్ (పోర్టులోంచి ఎంత గాలి పోతుందో కొలిచే మెషిన్) మీద, చాలామంది 28 అంగుళాల నీటి పీడనం దగ్గర, వాల్వ్ కొంచెం కొంచెంగా లేపుతూ ముందూ తర్వాతా అంకెలు రాసి ఇవ్వాలి. ఆ కాగితం ఇవ్వలేని షాపు చేసేది మీ డై గ్రైండర్ పనే.

చల్లారినకాఫీ:
క్యామ్ (వాల్వుల్ని లేపే షాఫ్ట్) స్టాకేనా? లిఫ్ట్, అంటే వాల్వ్ లేచే ఎత్తు, ఎంత? వాల్వ్ తన వ్యాసంలో నాలుగో వంతు లేస్తేనే చుట్టూ తెరుచుకున్న సందు వాల్వ్ వైశాల్యంతో సమానమవుతుంది. 40 వాల్వ్‌కి అది 10 మిల్లీమీటర్లు. అంత లేవకపోతే పోర్టు నడుము తవ్వి ఏం లాభం, ఇరుకు వాల్వ్ దగ్గరే ఉంది కదా.

రెండోగేరు:
స్టాక్ క్యామే, లిఫ్ట్ 8.5. సరే, నడుము జోలికి పోను, సీట్లు షాపుకే. ఇక భయమల్లా నీళ్ల జాకెట్లోకి (పోర్టు గోడ వెనక ఇంజిన్‌ని చల్లబరిచే నీళ్ల దారిలోకి) కన్నం పడుతుందేమోనని. గోడ మందం ఎలా తెలుస్తుంది? నాలుగూ ఒకేలా రావాలంటే?

చేతినిండా గ్రీజు:
బయటినుంచి చూస్తే తెలియదు. అదే మోడల్ పనికిరాని హెడ్ తుక్కులో దొరికితే పోర్టు మీదుగా అడ్డంగా కోయండి, గోడ ఎక్కడ పలచనో కళ్లారా కనిపిస్తుంది, మిగిలిన ముక్క మీద చెయ్యి అలవాటు చేసుకోవచ్చు. ఒక పోర్టు పూర్తిచేసి రెండోది మొదలుపెట్టకండి. ఒక దశ నాలుగింటికీ అయ్యాకే తర్వాతి దశ. అట్టముక్క కత్తిరించుకుని ఆకారం సరిచూడండి. చాంబర్లని (పెట్రోల్ మండే గుంటల్ని) ముట్టుకుంటే మాత్రం కన్నమున్న అక్రిలిక్ పలక మూసి, బ్యూరెట్‌తో రంగునీళ్లు పోసి, నాలుగూ ఎన్ని సీసీలో కొలవాలి.

సీటుకటింగ్:
అసలు ఇవన్నీ తర్వాత. గ్యాస్కెట్ పోయింది అన్నారు, ఇంజిన్ వేడెక్కిందా? వేడెక్కి ఉంటే ముందు హెడ్‌ని ప్రెజర్ టెస్టుకి ఇవ్వండి, స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి వంపు చూపించండి. రెండు సీట్ల మధ్య పగులున్న హెడ్ మీద నాలుగు ఆదివారాలు ధారపోసి, ఆ తర్వాత మా దగ్గరికి తెచ్చినవాళ్లని చూశాను.

రెండోగేరు:
టెంపరేచర్ ముల్లు ఒకసారి ఎర్రగీత దాటింది. గ్రైండర్ లోపల పెట్టేశాను, రేపు పొద్దున్నే హెడ్ టెస్టుకి తీసుకెళ్తా.