మూత్రంలో రక్తం: నొప్పి లేదు, దానంతటదే ఆగిపోయింది. ఇంకా పరీక్షలు అవసరమా?

వేటపాలెం:
సభ్యులకు నమస్కారం. అరవై దాటిన మా నాన్నగారికి ఈ మధ్య మూత్రం ఎర్రగా వచ్చింది. మంట గాని, నొప్పి గాని, జ్వరం గాని లేవు. వేడి చేసిందని బార్లీ నీళ్ళు, సబ్జా తాగారు. మర్నాటికి రంగు మామూలైంది కనుక ఇక ఆసుపత్రి మాట ఎత్తవద్దంటున్నారు. ఆయన వయసులో ఉండగా చీరాలలో నూలుకు రంగులద్దే పని చేశారు, బీడీ అలవాటు నేటికీ ఉంది, గుండెకు స్టెంట్ వేసినప్పటి నుండి ఆస్పిరిన్ వాడుతున్నారు. మీ ఇళ్ళలో ఎవరికైనా ఇటువంటిది వచ్చి ఉంటే, కారణం ఏమని తేలిందో దయచేసి తెలుపగలరు.

పల్నాటి రైతు:
నా విషయంలో కారణం రాయి. అయితే అది మీ నాన్నగారి పరిస్థితికి పూర్తిగా వేరు. నడుము పక్కన మొదలైన నొప్పి గజ్జల దాకా పాకి, కూర్చోనివ్వక, పడుకోనివ్వక, వాంతులు కూడా చేయించింది. రక్తం సంగతి నేను గమనించనే లేదు, పరీక్షలోనే బయటపడింది. అల్ట్రాసౌండులో కిడ్నీ ఉబ్బినట్లు కనిపించింది గాని, నాళంలోకి దిగిన రాయి ఎక్కడుందో సీటీ స్కాన్ తీశాకే తెలిసింది. మా ఊళ్ళో కొండపిండాకు, అరటి దూట రసం చెబుతారు. నేనూ తాగాను. చిన్న రాయి కనుక మంచినీళ్ళు తాగినా పడిపోయేదేనని వైద్యులు నవ్వారు. నొప్పే లేని రక్తానికి రాయి మందు పోయడం మాత్రం నాకు సబబుగా తోచదు.

పాత ల్యాబ్ టెక్నీషియన్:
ముందుగా, ఎర్రగా ఉన్నదల్లా రక్తం కాదు. బీట్‌రూట్ తిన్న కొందరికీ, క్షయకు రిఫాంపిసిన్ వాడేవారికీ మూత్రం ఎర్రగానో నారింజ రంగులోనో వస్తుంది. అందులో రక్తకణాలు ఉండవు. ముంచి చూసే పట్టీ రక్తం ఉందని చెప్పినా మైక్రోస్కోపులో ఎర్రకణాలు కనబడకపోతే, కండరాలు దెబ్బతిని వాటిలోని మయోగ్లోబిన్ అనే ఎర్రని ప్రొటీన్ దిగుతోందా, లేక రక్తనాళాల లోపలే కణాలు పగిలిపోతున్నాయా అని వెతకాలి. మలేరియాకు ప్రైమాక్విన్ మింగిన జీ6పీడీ (ఎర్రకణాలను కాపాడే ఎంజైము) లోపం గలవారిలో ఈ రెండోది జరుగుతుంది.

అందుకే మన ల్యాబుల్లో సీయూఈ అని రాసే మామూలు మూత్ర పరీక్షను చిన్నచూపు చూడకూడదు. ఒక హై పవర్ ఫీల్డులో (మైక్రోస్కోపులో బాగా పెద్దది చేసి చూసినప్పుడు ఒకసారి కనబడే మేర) 3 లేదా అంతకు మించి ఎర్రకణాలుంటే, కంటికి రంగు కనిపించకపోయినా రక్తం పోతున్నట్లే. చీముకణాలు కూడా ఉంటే కల్చర్‌కు, అంటే సూక్ష్మజీవులను పెంచి చూసే పరీక్షకు పంపుతారు. కల్చర్‌లో ఏమీ పెరగక, చీముకణాలు మాత్రం పదే పదే కనబడుతుంటే మన దేశంలో మూత్రకోశపు క్షయను తప్పక అనుమానించాలి. ఎర్రకణాల ఆకారం చెడిపోయి, వాటితో పాటు ప్రొటీన్ కూడా పోతుంటే లోపం కిడ్నీ వడపోతలో ఉందని అర్థం. స్త్రీలు నెలసరి రోజుల్లో నమూనా ఇచ్చి, లేని జబ్బుకు బెంగపడడం నేను ఎన్నోసార్లు చూశాను.

మీ నాన్నగారిని ఒక్క మాట అడగండి. మొదటి ధారలో మాత్రమే ఎరుపు ఉంటే మూత్రమార్గం వైపు, చివరి చుక్కల్లో ఉంటే మూత్రాశయం మెడ లేదా ప్రోస్టేట్ వైపు, మొదటి నుండి చివరి వరకు ఉంటే మూత్రాశయం లేదా అంతకు పైభాగం వైపు చూపు పోతుంది.

ఏలూరు తల్లి:
పిల్లలున్నవారి కోసం చెబుతున్నాను. మా బాబుకు కాళ్ళ మీద చీము కురుపులు మానిన కొన్ని వారాలకు పొద్దున్నే ముఖం ఉబ్బి, మూత్రం డికాషన్ రంగులో, అదీ చాలా తక్కువగా వచ్చింది. స్ట్రెప్టోకాకస్ సోకిన తరువాత వచ్చే కిడ్నీ వాపు అన్నారు. రక్తపోటు పెరగడమే ఇందులో అసలు భయమట. ఉప్పు తగ్గించి, మందులిచ్చి దానిని అదుపు చేశారు. రంగు త్వరగానే మారింది గాని, పరీక్షలో కణాలు చాలా నెలలు కనబడ్డాయి, అది సహజమేనన్నారు.

నల్లరేగడి:
వేటపాలెం గారి ప్రశ్నకు దూరమే అయినా, పొలం పనులు చేసేవారు చదువుతారని రాస్తున్నాను. రక్తపింజర కాటు తరువాత చిగుళ్ళ నుండి గాని, మూత్రంలో గాని రక్తం కనబడితే ఒంట్లో రక్తం గడ్డకట్టే గుణం పోయిందన్న మాట. నాటుమందు దగ్గర ఆగకుండా విషవిరుగుడు ఇంజెక్షన్ ఉన్న ఆసుపత్రికి నేరుగా వెళ్ళాలి.

యూరాలజీ నర్సు:
నొప్పి లేకుండా కంటికి కనబడేలా వచ్చి, దానంతటదే ఆగిపోయే రక్తం విషయంలోనే మేము ఎక్కువ జాగ్రత్త పడతాము. మూత్రాశయ క్యాన్సర్ తరచుగా ఇలాగే తొలిసారి బయటపడుతుంది. మళ్ళీ కొన్ని నెలల దాకా కనబడకపోవచ్చు, ఈలోగా ఇంటివారు బార్లీ నీళ్ళకు పేరు కడతారు. ఈ క్యాన్సర్‌కు అన్నిటికన్నా పెద్ద కారణం పొగ, ఆ తరువాత కొన్ని రంగుల్లోని ఆరోమాటిక్ అమైన్లు అనే రసాయనాలు. మీ నాన్నగారికి రెండింటితోనూ పరిచయం ఉంది. ఆ వయసులో ప్రోస్టేట్ పెరగడం వల్ల కూడా రక్తం రావచ్చు, బహుశా అదే కావచ్చు; కాని లోపల చూసి తక్కినవి లేవని తేల్చుకున్నాకే ఆ మాట అనాలి. ఆస్పిరిన్ వల్లనే వచ్చిందని సరిపెట్టుకోవద్దు, స్టెంట్ ఉన్న మనిషికి దానిని మీ అంతట మీరు ఆపనూ వద్దు. స్కానింగులో చిన్న గడ్డలు తప్పిపోతాయి కనుక సిస్టోస్కోపీ (మూత్రమార్గం గుండా కెమెరా గొట్టం పంపి మూత్రాశయం లోపల చూసే పరీక్ష) అడుగుతారు. తొలి దశలో దొరికితే కడుపు కోయకుండా మూత్రమార్గం గుండానే తీసేస్తారు.

వేటపాలెం:
అందరికీ కృతజ్ఞతలు. ఎరుపు మొదటి నుండి చివరి వరకు ఉందని నాన్నగారు చెప్పారు. సిస్టోస్కోపీకి ఒప్పుకున్నారు గాని, బాగా నొప్పి పుడుతుందేమోనని భయపడుతున్నారు.

యూరాలజీ నర్సు:
తిమ్మిరెక్కించే జెల్ పూసి సన్నని గొట్టం పంపుతారు. కొందరికి మత్తు ఇచ్చి చేస్తారు. తరువాత ఒకటి రెండు రోజులు మంట, లేత గులాబీ రంగు ఉండవచ్చు. రక్తపు గడ్డలు పడినా, మూత్రం బిగిసినా, చలిజ్వరం వచ్చినా అదే రోజు తీసుకువెళ్ళండి. వాడే మాత్రలన్నీ వెంట ఉంచండి.

పాత ల్యాబ్ టెక్నీషియన్:
సైటాలజీకి (మూత్రంలో క్యాన్సర్ కణాలున్నాయేమో చూసే పరీక్షకు) మూత్రం అడిగితే నిద్ర లేవగానే పోసినది కాక, ఆ తరువాతిది ఇవ్వండి. రాత్రంతా నిలిచిన మూత్రంలో కణాలు చెడిపోయి ఉంటాయి.