పేదింటికి బీమా: సర్కారు కట్టాలా, ఎవరిది వాళ్లు కట్టుకోవాలా?

గోదారి గట్టు (సిరొంచ తాలూకా)

మహారాష్ట్రలోని మా సిరొంచ నుంచి గోదారి వంతెన దాటితే తెలంగాణ కాళేశ్వరం. అక్కడ మా మేనమామ కొడుకులు, ఇక్కడ మేము. రెండు వైపులా అదే వరి, అదే పత్తి, అదే మిర్చి. అటువైపు 18 నుంచి 59 ఏళ్ల లోపు పట్టాదారు ఏ కారణంతో పోయినా రైతు బీమా కింద ఇంటికి 5 లక్షలు వస్తాయి. 2018 ఆగస్టు నుంచి నడుస్తోంది, ప్రీమియం మొత్తం తెలంగాణ సర్కారే ఎల్‌ఐసీకి కడుతుంది. ఇటువైపు మనం మన ఖాతా నుంచి ఏడాదికి కేంద్రం పథకాలైన జీవన్ జ్యోతికి (ఏ కారణంతో పోయినా) 436, సురక్షా బీమాకు (ప్రమాదంలో పోతే) 20 కట్టుకుంటే, దేనికదే 2 లక్షలు. అందుకే మనవాళ్లు నలుగురు కలిస్తే "మనకూ ఫ్రీగా ఇవ్వాలి" అనే మాటే వస్తుంది. అది తప్పని నేను అనను, కానీ దానితోనే పని అయిపోతుందంటే ఒప్పుకోను.

పోయిన వానాకాలం మా వాడలో ఒక కౌలు రైతు పాము కాటుతో పోయాడు. ముందు మంత్రం వేసేవాడి దగ్గరికి తీసుకెళ్లారు, అక్కడ తెల్లవారింది, ఆ తర్వాత ఆటోలో దవాఖానకు తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయింది. కర్మలు అయ్యాక చాలా రోజులకు వాళ్ల ఇంటికి పోయి, వదినా పాస్‌బుక్కు ఒకసారి తీయమంటే ఆమె బియ్యం డబ్బా వెనకనుంచి ప్లాస్టిక్ కవర్ తీసింది. మే నెలాఖరులో రెండు లైన్లు ఉన్నాయి, ఒకటి 436, ఒకటి 20. అవి ఏమిటో ఆమెకు తెలియదు, బ్యాంకోళ్ల చార్జీలు అనుకుందట. జీవన్ జ్యోతి డబ్బులు తిరగ్గా తిరగ్గా వచ్చాయి. సురక్షా బీమా రాలేదు. పాము కాటు దానికి కూడా వర్తిస్తుంది, కానీ వెంటనే దవాఖానలో చూపించిన కాగితం కావాలి, అది వీళ్ల దగ్గర లేదు.

ప్రీమియం కట్టారు, మనిషి పోయాడు, సురక్షా బీమా 2 లక్షలు రాలేదు. దీన్ని ఫ్రీ చేస్తే ఏం మారేది?

తునికాకు కల్లం

అన్నా, నువ్వు చెప్పిన ఇంట్లో ఖాతాలో పైసలు ఉన్నాయి కాబట్టి ప్రీమియం కోత పడింది. మా దగ్గర లేనివాళ్ల సంగతి చూడు. ఈ పాలసీ ఏడాది జూన్ 1న మొదలై మే 31తో ముగుస్తుంది, కోత మే చివరి వారంలో పడుతుంది. మే నెలలో మా ఊళ్లో ఇంటిల్లిపాదీ తునికాకు కోసి కట్టలు కడతారు, ఆ డబ్బులు చేతికొచ్చేసరికి ఎప్పుడో. చేతిలో ఉన్నదంతా విత్తనాలకూ దుక్కికీ పోతుంది. ఏడాది మొత్తంలో ఖాతా ఖాళీగా ఉండే వారం చూసి మరీ తేదీ పెట్టినట్టుంది. ఖాతాలో 436 లేకపోతే కోత పడదు, బీమా అక్కడితో ఆగిపోతుంది, ఎవరూ వచ్చి చెప్పరు.

మొదలైనప్పుడు, 2015లో, 330 ఉండేది, 12 ఉండేది. 2022 జూన్ నుంచి 436, 20 అయ్యాయి. పట్నంలో ఉన్నోళ్లకు చాయ్ పైసలు కావచ్చు, భార్యాభర్తలిద్దరికీ కలిపి 912 అంటే మాకు అది ఒక బస్తా ఎరువు కొనేదా మానేదా అన్న లెక్క. సర్కారు కట్టాల్సిందే. పైగా జీవన్ జ్యోతిలో 50 దాటితే కొత్తగా చేర్చుకోరు, 55తో అది కూడా ఐపోతుంది. మా అడవి పక్క ఊళ్లలో 56 ఏళ్ల మనిషి ఇంకా కూలికి పోతూనే ఉంటాడు కదా.

ధర్మాబాద్ పాత ఏజెంట్

నేను నాందేడ్ జిల్లాలో చాలా ఏళ్లు బీమా పాలసీలు చేయించినవాణ్ని, కాబట్టి నా మాట కొంచెం చేదుగా ఉంటుంది. ఊరికే వచ్చినదాన్ని జనం ఇదేమిటని అడగరు. మన రాష్ట్రంలోనే చూశాం, 2023 ఖరీఫ్ నుంచి ఒక్క రూపాయికే పంట బీమా అన్నారు, దరఖాస్తులు వరదలా వచ్చాయి, సాగే లేని భూముల మీద కూడా బోగస్ బీమాలు బయటపడ్డాయి, చివరికి 2025లో ఆ పథకం ఎత్తేసి మళ్లీ ఖరీఫ్‌కు 2 శాతం పాత లెక్కకే తెచ్చారు. నష్టపోయింది ఎవరు? నిజంగా పంట పోయిన రైతు. తన జేబులోంచి పది రూపాయలైనా పెట్టినవాడు ఆఫీసుకు వచ్చి గల్లా పట్టుకుని అడుగుతాడు, అడగాలి కూడా.

తునికాకు కల్లం

పెద్దాయనా, బోగస్ చేసినవాళ్లు పేదోళ్లా? 20 గుంటలవాడికి బోగస్ ఫారం ఎలా నింపాలో తెలుసా? దొంగతనం ఒకరు చేస్తే శిక్ష ఇంకొకరికి పడింది, దాన్ని తెచ్చి ఫ్రీ మీద రుద్దకండి.

అసలు బీమా కంపెనీ మధ్యలో ఎందుకు అని నా ప్రశ్న. గోపీనాథ్ ముండే పేరుతో రైతు ప్రమాద పథకం ఉంది కదా, అదీ మొదట కంపెనీల ద్వారానే నడిచింది, క్లెయిములు నానబెడుతున్నారని 2023లో వాళ్లను పక్కన పెట్టి సర్కారే నేరుగా 2 లక్షల సాయం ఇవ్వడం మొదలుపెట్టింది. ప్రమాదానికి అలా చేయగలిగినప్పుడు రోగంతో పోయినవాడికి ఎందుకు చేయలేరు?

బ్యాంకు మిత్ర

నేను ఊళ్లో చిన్న మిషన్ పెట్టుకుని డబ్బులు వేసే తీసే పని చేస్తాను. గోదారి గట్టు అన్న చెప్పింది నేను ఏడాది పొడుగునా చూస్తాను, అందుకే నా వైపు నుంచి నాలుగు ముక్కలు. 436లో 30 రూపాయలు చేర్పించిన ఏజెంటుకో బ్యాంకు మిత్రకో, 11 బ్యాంకుకు అని పథకం నిబంధనల్లోనే ఉంది, మిగతాది కంపెనీకి. క్లెయిమ్ చేయించినందుకు మాకు ఒక్క పైసా లేదు. చేర్పించమని టార్గెట్లు వస్తాయి, ఎన్ని క్లెయిములు ఇప్పించావని ఇంతవరకు నన్నెవరూ అడగలేదు.

క్లెయిమ్ అంటే పని ఎంతుంటుందో వినండి. క్లెయిమ్ ఫారం, మరణ ధ్రువీకరణ పత్రం, నామినీ ఆధార్, నామినీ పాస్‌బుక్కు. వినడానికి నాలుగే. మన దగ్గర ఆధార్‌లో పోచమ్మ అని ఉంటుంది, గ్రామసేవక్ (పంచాయతీ కార్యదర్శి) మరాఠీలో రాసిన పత్రంలో పోచక్క అని పడుతుంది, ఇక ఆ రెండూ ఒకే మనిషి అని రాయించుకోవడానికి తహసీల్ ఆఫీసుకు తిరుగుడు. ఒక పూట కూలి పోతుంది, బస్సు చార్జీ పోతుంది, సాహెబ్ మీటింగులో ఉంటాడు, రేపు రమ్మంటారు. మూడోసారికి జనం వదిలేస్తారు. ఇంకో సంగతి, కొందరికి రెండు బ్యాంకుల్లో ఖాతాలు ఉండి రెండుచోట్లా కోత పడుతుంది. రెండుసార్లు కట్టినా వచ్చేది ఒకసారే, రెండో డబ్బు పోయినట్టే. అది చూసి ఆపించే నాథుడు లేడు.

నామినీగా ఇప్పటికీ చనిపోయిన తల్లి పేరున్న ఖాతాలు నా ఒక్క పాయింట్‌లోనే బోలెడు.

బచత్‌గట్ అక్క (రాజురా వైపు)

మా పుట్టిల్లు శ్రీకాకుళం జిల్లా, మెట్టినిల్లు ఇటు. అక్కడ మహిళా సంఘాల్లో బీమా మిత్ర అని ఒకామె ఉండేది. ఇంట్లో చావు జరిగిందని తెలిస్తే ఆమే వచ్చేది. 2016లో చంద్రన్న బీమా వచ్చాక అయితే మట్టి ఖర్చులకని 5 వేలు ముందు చేతిలో పెట్టి, అక్కడే కాగితాలు రాసుకుని పోయేవాళ్లు, మిగతాది తర్వాత ఖాతాలో పడేది. ఏడుస్తున్న మనిషిని ఆఫీసుకు రమ్మనేది లేదు. ఆ 5 వేలు వడ్డీ వ్యాపారి దగ్గరికి పోకుండా ఆపేవి తమ్ముడూ, నేను కళ్లారా చూశాను. అక్కడ కూడా ప్రీమియంలో పెద్ద భాగం సర్కారుదే, కాబట్టి తునికాకు తమ్ముడి మాటకూ గోదారి గట్టు అన్న మాటకూ నాకు తగువు కనపడటం లేదు. ఇటు మా బచత్‌గట్‌లో (పొదుపు సంఘంలో) పదిమంది ఆడవాళ్లం ఉన్నాం, వారం వారం పొదుపు రాసుకుంటాం, ఎవరింట్లో ఎవరికి బాగోలేదో మాకు తెలిసినట్టు ఏ కంపెనీకి తెలుస్తుంది?

ధర్మాబాద్ పాత ఏజెంట్

అమ్మా, మీ మాట కాదనను, కానీ ఆ బీమా మిత్రకు జీతం ఎక్కడి నుంచి? దయ మీద నడిచే పని రెండేళ్లకు ఆగిపోతుంది.

గోదారి గట్టు (సిరొంచ తాలూకా)

జీతం అడిగారు కాబట్టి అక్కడికే వస్తున్నా. చేర్చినందుకు 30 ఇస్తున్నప్పుడు, క్లెయిమ్ నామినీ ఖాతాలో పడిన రోజు ఆ కాగితాలు చేయించిన మనిషికి కంపెనీయే 500 ఇవ్వాలి. 2 లక్షలు ఇచ్చేచోట 500 పెద్ద మాట కాదు. నామినీ దగ్గర తీసుకోకూడదు, అలా మొదలైతే అది 500 దగ్గర ఆగదు, 20 వేలు అవుతుంది. మనకందరికీ తెలుసు ఎలా అవుతుందో.

ఫ్రీ సంగతికి వస్తే, తమ్ముడూ, తునికాకు డబ్బుల లెక్క నువ్వు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం, భూమి లేని ఇళ్లకు సర్కారే కట్టాలని నేనూ అంటాను. కానీ రైతు బీమానే తెచ్చి మన దగ్గర పెడితే మా వాడలో పోయిన ఆ కౌలు రైతు ఇంటికి ఏమీ రాదు, ఆయన పేరున పట్టా లేదు. సాత్‌బారా (భూమి పత్రం) మీద పేరున్నవాడికే ఇచ్చే ఏ పథకమైనా మన ఊళ్లో సగం ఇళ్లను బయటే నిలబెడుతుంది. అడిగేదేదో మనిషిని చూసి ఇమ్మని అడుగుదాం, భూమిని చూసి కాదు. కోత తేదీ కూడా మార్చమనాలి, వడ్లు పత్తి అమ్ముకున్నాక డిసెంబరులోనో జనవరిలోనో పెడితే ఎంతమంది పాలసీలు నిలబడతాయో చూడండి.

ఇక పాము కాటు గురించి, ఇది చర్చ కాదు, చేయాల్సిన పని. కరిచిన వెంటనే దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికే పోవాలి. ముందు ప్రాణం కోసం, మందు అక్కడే ఉంటుంది. మంత్రం దగ్గర పోయిన ఆ రాత్రి మనిషినీ తీసుకుపోయింది, కాగితాన్నీ తీసుకుపోయింది. ఆశా అక్కలతో ఈ మాట ప్రతి వాడలో చెప్పించాలి.

బ్యాంకు మిత్ర

500 సంగతి కంపెనీ ఎప్పుడు ఒప్పుకుంటుందో కానీ, అంతవరకు ఆగాల్సిన పని లేదన్నా. అక్కా, మీ బచత్‌గట్ మీటింగుకు అందరినీ ఇంట్లోవాళ్ల పాస్‌బుక్కులు కూడా తెమ్మని చెప్పండి, మీ పొదుపు పుస్తకంలోనే ఒక పేజీ గీసి ఎవరికి ఏ బ్యాంకులో ఏ కోత పడుతోంది, నామినీ ఎవరు, ఆధార్‌లో పేరు ఎలా ఉంది రాసుకుంటే చాలు. ఎలా రాయాలో ఫొటో తీసి ఇక్కడ పెడతాను. నామినీ మార్పు ఫారాలు నా దగ్గర ఉన్నాయి, మా వాడల బచత్‌గట్‌లకు నేనే తెస్తాను, అంగడి రోజు తప్ప ఏ రోజైనా సరే.