రెండున్నరేళ్ల గుర్రాలకి అంత పెద్ద రేసు అవసరమా? గోల్డెన్ స్లిప్పర్ మీద చర్చ

వెంట్‌వర్త్‌విల్ నాన్న:

అందరికీ నమస్కారం. మార్చిలో సిడ్నీలోని రోజ్‌హిల్ రేస్‌కోర్సులో గోల్డెన్ స్లిప్పర్ అనే గుర్రాల రేసు చూడ్డానికి మా వీధి నుంచి నాలుగు కుటుంబాలు వెళ్దామనుకున్నాం. వెంట్‌వర్త్‌విల్, హారిస్ పార్క్, పర్రమట్టా నిండా తెలుగువాళ్ళమే. పక్కనే ఉన్న మైదానంలో ఏం జరుగుతుందో మనలో చాలామందికి తెలియదు. అందుకే వాట్సాప్ గ్రూపులో ఒక చిన్న గైడ్ రాసి పెట్టాను.

అందులో రాసింది ఇది. స్లిప్పర్ రెండేళ్ల థరోబ్రెడ్‌లకి (రేసుల కోసం పెంచే జాతి గుర్రాలకి) మాత్రమే. దూరం 1200 మీటర్లు, నిమిషం పది సెకన్లు అటూఇటూగా అయిపోతుంది. పదహారు గుర్రాలు దిగుతాయి. మగవాటి మీద 56.5 కిలోలు, ఆడవాటి మీద 54.5 కిలోల బరువు, జాకీ, జీను అన్నీ కలిపి. మొత్తం బహుమతి 50 లక్షల ఆస్ట్రేలియా డాలర్లు, రెండేళ్ల గుర్రాల రేసుల్లో ప్రపంచంలోనే ఎక్కువ. మొదటిసారి 1957లో జరిగింది. టాడ్‌మన్ అనే గుర్రం ఎనిమిది లెంగ్తుల (లెంగ్త్ అంటే ఒక గుర్రం పొడవు) తేడాతో గెలిచింది. టాడ్‌మన్ తండ్రి స్టార్ కింగ్‌డమ్. మొదటి ఐదేళ్ళూ గెలిచినవన్నీ స్టార్ కింగ్‌డమ్ పిల్లలే! ఈ దేశంలో గుర్రాల పెంపకం వేగం వైపు మళ్ళడంలో ఆ ఐదేళ్ళకి పెద్ద పాత్ర ఉంది. డబ్బున్నవాళ్ళే గెలుస్తారని కూడా లేదు. 2017లో గెలిచిన షి విల్ రెయిన్‌ని వేలంలో కొన్నది 20,000 డాలర్లకే.

చూడ్డానికి వెళ్తే ముందు గుర్రాలని నడిపించి చూపించే పెరేడ్ రింగ్ దగ్గర నిలబడండి, రేసు కన్నా అక్కడే ఎక్కువ తెలుస్తుంది అని కూడా రాశాను.

ఇది పెట్టగానే మా స్నేహితుడి భార్య ఒక్క మాట అడిగారు. "అవి ఇంకా పిల్లలు కదా అన్నయ్యా, వాటిని కొట్టి పరిగెత్తిస్తుంటే మన పిల్లల్ని తీసుకెళ్ళి చూపిస్తామా?" నిజంగా నా దగ్గర జవాబు లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి. వాదించినా ఫర్వాలేదు.

కృష్ణాతీరం:

ఆవిడ అడిగిందే సరైనది. మా ఊళ్ళో కోడెదూడని కూడా ఈడు రాకుండా కాడికి కట్టరు. రైతుకి ఆ జ్ఞానం ఉంది. ఇన్ని కోట్లు పెట్టేవాళ్ళకి లేకపోతే ఎలా? నేనైతే రాను, పిల్లల్ని పంపను.

తెల్లవారుజాము:

అన్నా, నేను ఇక్కడ చదువుకుంటూ రెండేళ్ళపాటు ఒక లాయంలో స్ట్రాపర్‌గా చేశాను. మనవైపు సయీసు అంటారు కదా, అదే పని. మూడున్నరకి లేచి, నాలుగింటికల్లా గుర్రం దగ్గర ఉండాలి.

ఫిబ్రవరిలో ఒకరోజు మేత తొట్టి కడుగుతుంటే అడుగున చిన్న తెల్లటి ముక్క తగిలింది. రాయి అనుకున్నా. చేతిలోకి తీసుకుని చూస్తే పన్ను. ముందు పాలపన్ను, వేరు అరిగిపోయి పెంకులాగా ఉంది. ఆ గుర్రం రెండు రోజులుగా మేత సగం కింద పడేస్తోంది, కళ్ళెం పెడుతుంటే తల విదిలిస్తోంది. దాని గుణమే అంత అనుకున్నాను నేను. ట్రైనర్‌కి చూపిస్తే, "రెండున్నరేళ్ళకి మధ్య పళ్ళు మారతాయి, నోరు పుండులా ఉంటుంది, ఈ వారం కళ్ళెం మెత్తగా పట్టుకోమని రైడర్‌కి చెప్పు" అన్నారు.

మన పాపకి పన్ను ఊడితే స్కూల్లో కూడా సంబరం చేస్తారు. ఈ గుర్రానికి మాత్రం అదే నెలలో స్లిప్పర్ ముందు రేసులు. ఆ పన్ను చూశాక స్లిప్పర్ అనగానే నాకు గుర్తొచ్చేది అదే.

అలాగని రెండేళ్ల గుర్రాన్ని అసలు పరిగెత్తించకూడదని నేను అనను. లాయంలో నేను చూసింది వేరు. రోజూ పొద్దున మొదటి పని, మోకాలి కింద ముందుకాలి ఎముక మీద అరచేయి ఆనించి పైనుంచి కిందికి నిమరడం. వేడి తగిలితే ఆరోజు పని బంద్. మా లాయంలో మంచి కోల్ట్ (కుర్ర మగగుర్రం) ఒకటి అలాగే ఆగిపోయింది. ట్రైనర్ దాన్ని పచ్చికకి పంపేశారు. ఓనర్ల ఫోన్లు నేనే ఎత్తాను, అందరిదీ ఒకటే ప్రశ్న: "స్లిప్పర్‌కి అందుతుందా?" కాలు ఎలా ఉందని అడిగినవాళ్ళు ఇద్దరే.

గన్నవరం పశువైద్యుడు:

తమ్ముడు చెప్పిన వేడిని ఇక్కడ షిన్ సోర్ (ఆ ముందుకాలి ఎముక నొప్పి) అంటారు. రెండేళ్ల గుర్రాల్లో బాగా ఎక్కువగా కనిపించే ఇబ్బంది అదే. కృష్ణాతీరం గారూ, మీ బాధ అర్థమైంది గానీ కాడికి కట్టే ఎద్దుకీ దీనికీ పోలిక కుదరదు. ఎముక మీద ఎలాంటి బరువు పడితే అది ఆ రకంగా గట్టిపడుతుంది. పసి వయసులోనే ఆ గుణం ఎక్కువ. పెన్సిల్వేనియా యూనివర్సిటీలో డేవిడ్ నునమేకర్ అనే వైద్యుడు ఏళ్ళ తరబడి దీని మీదే పనిచేశారు. నెమ్మదిగా మైళ్ళకి మైళ్ళు తిప్పితే ఎముక రేసు వేగానికి సిద్ధం కాదు, కొద్ది దూరమే అయినా వేగంగా, క్రమంగా పెంచుతూ పరిగెత్తిస్తే షిన్ ఇబ్బంది తగ్గుతుంది అని ఆయన పరిశోధన చెప్పింది. నాలుగేళ్ళ దాకా పచ్చికలో వదిలేసి తర్వాత ఒక్కసారిగా పరుగు నేర్పితే కాలికి మేలు జరుగుతుందనుకోవడం పొరపాటు.

మరి ఎదుగుదల పూర్తయిందా అంటే, లేదు. మోకాలికి సరిగ్గా పైన ఉండే ఎముక చివర మెత్తటి భాగం రెండు, రెండున్నరేళ్ళకి గట్టిపడుతుంది. వెన్నెముక పూర్తవ్వడానికి ఐదేళ్ళు దాటుతుంది. అందుకే వ్యాయామం వేరు, వేళకాని వేళ గరిష్ఠ వేగంతో పోటీ వేరు అని నేను విడదీసి చూస్తాను.

కృష్ణాతీరం:

డాక్టర్ గారూ, వ్యాయామం మంచిదని ఒప్పుకుంటాను. అయితే పదిహేను గుర్రాల మధ్య, పైన మనిషి, చేతిలో కొరడా. దాన్ని వ్యాయామం అని ఎలా అంటారు?

మలక్‌పేట పాతకాపు:

నేను నలభై ఏళ్ళుగా మలక్‌పేట రేస్‌కోర్సుకి వెళ్తున్నవాణ్ణి. స్లిప్పర్‌ని టీవీలోనే చూశాను. మన ఇండియన్ డెర్బీ ముంబైలో ఫిబ్రవరిలో జరుగుతుంది, అప్పటికి గుర్రాలకి నాలుగేళ్ళు. దూరం 2400 మీటర్లు. ఎదిగిన గుర్రాన్ని చూడటంలో ఉన్న ఆనందం వేరు బాబూ.

అసలు చిక్కు మగగుర్రాల దగ్గర ఉంది. కోల్ట్ స్లిప్పర్ గెలిచిందంటే ఆ నిమిషం నుంచీ దాని విలువ స్టడ్‌లోనే, అంటే పిల్లల్ని పుట్టించడంలోనే. ఇంక పరిగెత్తించి కాలు పోగొట్టుకోవడం ఎందుకని ఏడాదిలో ఆపేస్తారు. మనికాటో అనే గుర్రం సంగతి చూడండి. 1978లో బ్లూ డైమండ్ (రెండేళ్ల గుర్రాలకే ఉన్న మరో పెద్ద రేసు), స్లిప్పర్ రెండూ కొట్టింది. అది గెల్డింగ్, బీజాలు తీసేసిన గుర్రం. స్టడ్‌కి పనికిరాదు కాబట్టి 1983 దాకా పరిగెత్తింది. 47 రేసుల్లో 29 గెలిచింది, విలియం రీడ్ అనే రేసయితే వరసగా ఐదుసార్లు! రెండేళ్ళకి పరిగెత్తితే కాళ్ళు పోతాయనే వాళ్ళకి దాన్ని మించిన జవాబు నాకు తెలియదు.

వెంట్‌వర్త్‌విల్ నాన్న:

అయ్యా, బాగా చెప్పారు. మరి సమస్య వయసుదా, డబ్బుదా?

తెల్లవారుజాము:

తేదీది అన్నా. నేను చెప్పాలనుకున్నది ఇదే.

ఆగస్టు 1 వచ్చిందంటే ఆస్ట్రేలియాలో ప్రతి థరోబ్రెడ్‌కీ కాగితం మీద ఒక ఏడు పెరుగుతుంది. ఆగస్టులో పుట్టింది స్లిప్పర్ నాటికి రెండేళ్ళ ఏడు నెలలది. నవంబరు చివర్లో పుట్టింది రెండేళ్ళ నాలుగు నెలలది. రెండూ ఒకే గేటు వరసలో నిలబడతాయి. అందులోనూ చోటు దక్కాలంటే ముందు రేసుల్లో డబ్బు గెలవాలి. వారం ముందు జరిగే పాగో పాగో గెలిస్తే నేరుగా ప్రవేశం. 2023లో షిన్జో అలాగే వచ్చింది, పాగో పాగో గెలిచి ఏడు రోజుల్లో స్లిప్పర్ కూడా గెలిచింది. అది తట్టుకోగలిగిన గుర్రం. తట్టుకోలేని దాన్ని కూడా అదే దారిలో తోస్తారు, ఎందుకంటే మార్చి దాటితే ఆ అవకాశం జన్మలో మళ్ళీ రాదు.

ఇప్పుడు బ్లాక్ కేవియర్ అనే ఆడగుర్రాన్ని చూడండి. రెండేళ్ళ వయసులోనే మొదలుపెట్టింది, అయితే 2009 ఏప్రిల్‌లో, ఆ ఏటి స్లిప్పర్ అయిపోయాక. 25కి 25 గెలిచింది. వింక్స్ అనే ఇంకో ఆడగుర్రం కూడా రెండేళ్ళప్పుడే దిగింది, 2014 జూన్‌లో. 43 రేసుల్లో 37 గెలుపులు, చివరి 33 వరసగా, ఏడేళ్ళ వయసులో ఆపింది. రెండూ రెండేళ్ళకే పరిగెత్తాయి. మార్చి తేదీ కోసం వాటిని ఎవరూ తోయలేదు, అంతే.

గన్నవరం పశువైద్యుడు:

రెండు గొప్ప గుర్రాలతో అంతా తేల్చలేం. కానీ తమ్ముడి మాటలో వైద్యపరంగా బలం ఉంది. షిన్ వేడెక్కితే కావలసింది కొన్ని వారాల విశ్రాంతి. ఆ కొన్ని వారాలు ఇచ్చే ఓపిక క్యాలెండర్‌కి ఉండదు. నన్నడిగితే ఒకటే కోరతాను: రేసుకి ముందు జరిగే వైద్య పరీక్షలో ప్రతి గుర్రం ముందుకాళ్ళ స్కాన్ తప్పనిసరి చేయాలి.

కృష్ణాతీరం:

అలాగైతే రేసుని మేకో జూనుకో జరపమనండి. రెండు నెలలు ఆగితే ఎవరి సొమ్ము పోతుంది? అలా చేస్తే నేనూ వస్తాను, మాట ఇస్తున్నా.

మలక్‌పేట పాతకాపు:

సొమ్ము పోతుంది కాబట్టే కదమ్మా ఆపనిది. స్లిప్పర్ తర్వాత ఈస్టర్ వేళకి సిడ్నీలో ఇంగ్లిస్ అనే వేలం సంస్థ వాళ్ళ ఇయర్లింగ్ (ఏడాది దాటిన గుర్రప్పిల్లల) వేలం ఉంటుంది. మార్చిలో గెలిచిన గుర్రం తమ్ముడో చెల్లెలో ఆ వేలానికి వచ్చిందంటే ధర ఎక్కడికో వెళ్తుంది. రేసు జూనుకి జరిగితే వేలం ముందు ఆ పేరు రాదు. పెంపకందారులు ఎలా ఒప్పుకుంటారు?

తెల్లవారుజాము:

వేలాన్ని కూడా వెనక్కి జరపొచ్చు కదండీ. ఆ పిల్లలకీ అప్పటికి పద్దెనిమిది నెలలే, రెండు నెలలు ఎక్కువ పచ్చికలో ఉంటే వాటికీ మంచిదే.

వెంట్‌వర్త్‌విల్ నాన్న:

మా ఇంట్లో మాట్లాడుకున్నాం. మేం వెళ్తున్నాం, పందెం కాయం. గ్రూపులో గైడ్ మార్చి రాశాను. ప్రతి గుర్రం పుట్టిన నెల పక్కన పెట్టాను, పెరేడ్ రింగ్‌లో పిల్లలు వాటిని పోల్చి చూస్తారు. తమ్ముడూ, వీలైతే ఆరోజు మాతో రా. కాలు నిమిరి వేడి ఎలా చూస్తారో మా అబ్బాయి అడుగుతున్నాడు.